మద్రాస్ రెజిమెంట్ చరిత్ర పలక: 1758 చెక్కించాలా, 1704 చెక్కించాలా? ఏనుగు ఎక్కడిది?

నీవా గట్టు (చిత్తూరు)

అందరికీ నమస్కారం. చిత్తూరులో మాజీ సైనికులు కూడుకునే హాలు గోడకి మద్రాస్ రెజిమెంట్ చరిత్ర చెక్కించిన నల్ల గ్రానైట్ పలక పెట్టబోతున్నారు. రెజిమెంట్ ఆవిర్భావ దినం డిసెంబర్ 4 నాటికి అది గోడ మీద ఉండాల. పలక 6 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. చిహ్నం, పేరు పోగా మిగిలిన చోట అంగుళం అక్షరాలతో 100 నుంచి 120 మాటలు పడతాయని పనివాళ్ళు లెక్క చెప్పినారు. రాతి మీద చెక్కినాక దిద్దేదానికి కుదరదు. అందుకే ముందే ఇక్కడ అడుగుతున్నా.

ఇప్పుడున్న ముసాయిదా ఇది: "1758లో పుట్టి, 260 ఏళ్ళకు పైగా ఒక్కరోజు కూడా తెగకుండా సేవ చేస్తున్న, భారత సైన్యంలోకెల్లా పాత పదాతి రెజిమెంట్. అసాయే యుద్ధంలో మన జవాన్లు ఏనుగు గుర్తును గెలుచుకున్నారు. చిత్తూరు, తిరుపతి వాళ్ళు మొదటినుంచీ ఇందులో ఉన్నారు."

సందేహాలు:

1. పుట్టిన సంవత్సరం 1704 అని ఒకరు, 1776 అని ఇంకొకరు అంటున్నారు. ఏది చెక్కించాల?
2. "ఒక్కరోజు కూడా తెగకుండా" అన్నది నిలుస్తుందా?
3. ఏనుగు గురించి రాసింది సరేనా?
4. మన జిల్లాలకు సంబంధం చూపించాలంటే దేని మీద ఆధారపడాల? పలక కింద అద్దాల పెట్టెలో పెట్టేదానికి కుటుంబాలవాళ్ళు పాత పతకాలు ఇస్తున్నారు. అవి ఏ పటాలానివో గుర్తుపట్టేది ఎట్ల?

పాత దస్తరం (తిరుపతి)

మూడు సంవత్సరాలూ నిజమేనండి. కాకపోతే మూడూ ఒకే దాని గురించి చెప్పేవి కావు.

1758 రెజిమెంట్‌ది. మేజర్ స్ట్రింగర్ లారెన్స్ 1748లో వచ్చేదాకా ఈస్టిండియా కంపెనీ దగ్గరున్నది కోట కాపలాకు జీతమిచ్చి పెట్టుకున్న బంట్లు. వాళ్ళకు కవాతు నేర్పి విడివిడి చిన్న దళాలుగా సర్దాడు. ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించబోతున్నాడని తెలిసి 1758 డిసెంబర్‌లో ఆ దళాలను కలిపి బెటాలియన్లు కట్టారు. డిసెంబర్ 4 అక్కడినుంచి వచ్చింది.

1704 తొమ్మిదో బెటాలియన్‌ది. అది కంపెనీ కట్టిన పటాలం కాదు, తిరువాంకూరు రాజుల నాయర్ సేన. 1741 ఆగస్టు 10న కొలచ్చల్ దగ్గర డచ్చివాళ్ళను ఓడించిన మార్తాండవర్మ సేనకు వారసత్వం దీనిదే. స్వాతంత్ర్యం తరువాత సంస్థానాల సేనలు భారత సైన్యంలో కలిసినప్పుడు 1954లో ఇది 9 మద్రాస్ అయింది. దీనికి తోడుగా వచ్చిన ఇంకో తిరువాంకూరు పటాలం 16 మద్రాస్. కాబట్టి పలక మొత్తం రెజిమెంట్ గురించి అయితే 1704 పెట్టకూడదు. తొమ్మిదో బెటాలియన్ వాళ్ళు తమ పలక మీద పెట్టుకుంటే అది వాళ్ళ హక్కు.

1776 ఇంకో సంగతి. ఆ ఏడాది కట్టిన కర్ణాటిక్ (ఇప్పటి కర్ణాటక కాదు, ఆర్కాటు నవాబు సీమ) బెటాలియన్లలో రెండు తరువాత 73వ, 75వ కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీ అయ్యాయి, 1922లో అవే 3వ మద్రాస్ రెజిమెంట్‌లో ఒకటో, రెండో బెటాలియన్లు. 1776 వాటి తేదీ.

పలక మీద ఏ నంబరు రాసినా పక్కన సంవత్సరం లేకుండా రాయకండి. మద్రాసు పటాలాల నంబర్లు కనీసం నాలుగు సార్లు మారాయి, పొరపాట్లన్నీ అక్కడే పుడతాయి. 1796లో రెండేసి బెటాలియన్లను ఒక రెజిమెంట్ చేశారు. ఆ కాలం కాగితాల్లో "2/12" అని ఉంటే 12వ రెజిమెంట్ రెండో బెటాలియన్ అని చదవాలి. 1824లో వాటిని విడదీసి వరసగా కొత్త నంబర్లు ఇచ్చారు. 2/12 కాస్తా 24వది అయింది. 1903లో అప్పటి సేనాధిపతి కిచెనర్ దేశంలోని పటాలాలన్నిటికీ ఒకే వరస పెట్టినప్పుడు మద్రాసు నంబర్లకు చాలావరకు 60 కలిపారు. 13వది 73, 15వది 75, 19వది 79, 23వది 83, 26వది 86. 61 నుంచి 93 మధ్య నంబరు కనబడితే 60 తీసేయండి, పాత మద్రాసు నంబరు వస్తుంది (మాప్పిళా రైఫిల్స్ లాంటి ఒకటి రెండు చోట్ల ఈ లెక్క తప్పుతుంది). 1922లో 73, 75, 79, 83 వరసగా 3వ మద్రాస్ రెజిమెంట్ ఒకటి నుంచి నాలుగో బెటాలియన్లయ్యాయి. 86వది శిక్షణ బెటాలియన్‌గా పదో నంబరు తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ముందున్న "3వ" పోయి ఉత్త మద్రాస్ రెజిమెంట్ మిగిలింది.

ఇంకొకటి. 1 మద్రాస్ 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీకి వెళ్ళింది. ఇప్పుడు అది 1 మెక్ ఇన్‌ఫంట్రీ. బెటాలియన్ల పేర్లు రాస్తే దాన్ని రెజిమెంట్‌లో ఉన్నట్టు రాయకండి.

కొండకింద చదువరి (తిరుపతి)

రెండో ప్రశ్నకు నా జవాబు: ఆ మాట తీసేయండి. నిలవదు.

1880ల్లో మద్రాసు సైన్యానికి, ఆ తరువాత మొత్తం దేశానికి సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని గట్టిగా నమ్మాడు. "వీరజాతులు" అన్న సిద్ధాంతం అప్పటిదే. అరవై డెబ్భై ఏళ్ళుగా దక్షిణాదిలో పెద్ద యుద్ధం లేదు, పటాలాలను సరిహద్దుకు పంపలేదు, అధికారులు కూడా మంచి అవకాశాల కోసం పంజాబు వైపు చూశారు. పటాలాన్ని వాడకుండా పక్కన పెట్టి, ఆపైన వాడకంలో లేదు కాబట్టి పనికిరాదన్నారు. ఈ అన్యాయం గురించి పలక మీద ఒక్క వాక్యమైనా ఉండాలని నా కోరిక.

దాని ఫలితం రెండు రకాలుగా కనబడింది. కొన్ని పటాలాల్లో నంబరు ఉంచి మనుషులను మార్చారు. 62, 66, 67, 69, 72, 74, 76, 82, 84, 87 నంబర్లున్నవన్నీ పుట్టుకతో మద్రాసు పటాలాలు. 1903 నాటి వరసలో ఇవన్నీ "పంజాబీలు". 10వ మద్రాసు పటాలంలో ఇంకా విచిత్రం. 1890లో బర్మాలో కబో లోయ పోలీసు బెటాలియన్‌ను తెచ్చి ఆ నంబరు కింద కూర్చోబెట్టారు, చివరికి అది 10వ గూర్ఖా రైఫిల్స్ అయింది. మిగిలినవాటిని మద్రాసువాళ్ళతోనే ఉంచి తరువాత రద్దు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా, ఏడెన్‌లలో పనిచేసి వచ్చినవాళ్ళను 1922లో 3వ మద్రాస్ రెజిమెంట్‌గా కట్టి, ఖర్చు తగ్గింపు పేరుతో 1928 నాటికి రెగ్యులర్ బెటాలియన్లన్నిటినీ రద్దు చేశారు. మిగిలింది టెరిటోరియల్ (అవసరానికి పిలిచే పార్ట్‌టైం) బెటాలియన్లే. పయొనీర్లను (దారులు వేసే సిపాయిలను) కూడా 1933లో తీసేశారు.

మళ్ళీ యుద్ధం ముంచుకొచ్చి మనుషులు కావలసివచ్చాక 1941, 42ల్లో ఆ టెరిటోరియల్ బెటాలియన్ల మీదే రెజిమెంట్‌ను తిరిగి కట్టారు. కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో శిక్షణ కేంద్రం పెట్టారు, 1947లో అది నీలగిరుల్లో వెల్లింగ్టన్‌కు మారింది, ఇప్పటికీ అక్కడే. పనికిరారని పంపేసినవాళ్ళు బర్మాలో జపాన్‌వాళ్ళ మీద పోరాడారు. "తెగకుండా సేవ" అని చెక్కిస్తే ఈ కథంతా మరుగున పడిపోతుంది. "1928లో రద్దయి, 1941లో తిరిగి లేచిన" అని చెక్కించండి, అందులోనే గౌరవం ఎక్కువ.

వారసత్వం ఎంత దూరం పాకిందో చూడాలంటే 67వ, 69వ పటాలాలు చాలు. 67వది ఇప్పుడు పారాచూట్ రెజిమెంట్‌లో 1 పారా. 69వది గార్డ్స్ బ్రిగేడ్‌లో ఒకటో బెటాలియన్. పంజాబ్ రెజిమెంట్ టోపీ మీద తెరచాప ఓడ ఉంటుంది చూడండి. ఐదు నదుల నేలకు సముద్రపు ఓడ ఎట్లా వచ్చిందని చాలామంది అడుగుతారు. కులం కట్టుబాట్లను కూడా పక్కనబెట్టి సముద్రం దాటి యుద్ధాలకు వెళ్ళిన మద్రాసు పటాలానికి, అంటే ఈ 69వ దానికి, ఇచ్చిన గుర్తు అది.

ఆర్కాటు పటం (పుత్తూరు)

ఏనుగు గురించి. అసాయే యుద్ధం 1803 సెప్టెంబర్ 23న ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా దగ్గర జరిగింది. ఒకవైపు కంపెనీ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ, ఇంకోవైపు సింధియా, నాగపూరు భోంస్లేల సేనలు. కైల్నా, జువా నదుల మధ్య చీలికలో మరాఠా ఫిరంగుల ఎదుట నడిచిన పంక్తుల్లో 1/4, 1/8, 1/10, 2/12 మద్రాసు బెటాలియన్లున్నాయి. అక్కడున్న పటాలాలకు "అసాయే" మాట, ఏనుగు బొమ్మ ఉన్న గౌరవ పతాకం ఇచ్చారు.

ఇప్పుడు పైన పాత దస్తరం సార్ ఇచ్చిన లెక్క పట్టుకోండి. 2/12 అంటే 24, 24కు 60 కలిపితే 84వ పంజాబీలు. అది 1వ పంజాబ్ రెజిమెంట్‌లో చేరి 1947లో పాకిస్తాన్‌కు వెళ్ళింది. 1/10 అంటే 1824 తరువాత 10వది, అది గూర్ఖాలకు పోయిన కథ పైనే ఉంది. అంటే ఏనుగు మొత్తం పాత మద్రాసు సైన్యం ఆస్తి, దాన్ని ఈనాటి రెజిమెంట్ వారసత్వంగా ధరిస్తోంది. "మన జవాన్లు గెలుచుకున్నారు" అని ఇప్పటి ఫలానా బెటాలియన్‌కు నేరుగా ముడిపెట్టే వాక్యం వద్దు. "1803 అసాయే యుద్ధంలో మద్రాసు సైన్యానికి దక్కిన ఏనుగు" అంటే ఏ తప్పూ ఉండదు. చిహ్నంలో ఏనుగు డాలు మీద ఉంటుంది, వెనక రెండు కత్తులు అడ్డంగా ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల్లో కత్తుల వంపు, ఏనుగు మొహం దిశ తేడాగా ఉంటున్నాయి. వెల్లింగ్టన్‌లోని రెజిమెంటల్ సెంటర్‌కు హాలు తరఫున ఉత్తరం రాసి, వాడుకునేదానికి అనుమతి, అసలు బొమ్మ రెండూ తెప్పించుకోండి.

అసాయేతో ఇంకో చిక్కుంది, ఇది మన జిల్లాకూ వర్తిస్తుంది. హైదర్ అలీతో యుద్ధం మన ఊళ్ళ మీదుగానే నడిచింది. 1781లో కంపెనీ సేనాని అయిర్ కూట్ జూలై 1న పోర్టోనోవోలో, ఆగస్టు 27న పొల్లిలూరులో, సెప్టెంబర్ 27న షోలింగూరులో హైదర్‌తో తలపడ్డాడు. షోలింగూరు తిరుత్తణికి దిగువన, మన సరిహద్దు దాటగానే. ఆ నవంబర్‌లో చిత్తూరు కోట కూట్ చేతికి వచ్చింది. హైదర్ 1782 డిసెంబర్ 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో తన శిబిరంలోనే పోయాడు. ఈ యుద్ధాలకు "కర్ణాటిక్", "షోలింగూరు" అని మద్రాసు పటాలాలకు యుద్ధ గౌరవాలు (పటాలం పతాకం మీద రాసుకునే యుద్ధం పేర్లు) ఉన్నాయి. అయితే స్వతంత్ర భారత సైన్యం, మన దేశపు రాజ్యాల మీద కంపెనీ కోసం గెలిచిన గౌరవాలను పండుగ చేసుకోకూడదని పక్కన పెట్టింది. అసాయే, షోలింగూరు, శ్రీరంగపట్నం అన్నీ ఆ కోవలోవే. వాటిని చరిత్రగా చెప్పొచ్చు, విజయోత్సవంలా చెక్కించకూడదు. హైదర్ చనిపోయిన ఊరి పక్కన హైదర్ మీద గెలిచామని గర్వంగా రాతి మీద రాయడం నాకైతే మనసొప్పదు.

అదే కాలంలో తెలుగు సిపాయిలు ఎదురు తిరిగిన సంగతులు కూడా ఉన్నాయి. 1780 అక్టోబర్ 3న విశాఖపట్నంలో ఉత్తర సర్కారుల (కోస్తా జిల్లాల) సిపాయిలను హైదర్ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు రమ్మంటే తిరగబడ్డారు. 1806 జూలై 10 తెల్లవారకముందు వేలూరు కోటలో జరిగిన సిపాయిల తిరుగుబాటు అందరికీ తెలిసిందే. కొత్త తలపాగా, దాని మీద తోలు కుచ్చు, నుదుటి బొట్టు తీసేయాలన్న ఆజ్ఞ, గడ్డం కత్తిరింపు దానికి కారణాలు. ఆ తరువాత అందులో ఉన్న 1వ, 23వ రెజిమెంట్ల నంబర్లు సైన్యం జాబితాలోంచి కొట్టేసి, మిగిలినవాళ్ళను 24, 25 అన్నారు. 1817లో నాగపూరు దగ్గర సీతాబల్డీలో గట్టిగా నిలబడ్డాక 24వ దానిలోని మనుషులు అడిగిన బహుమతి తమ పాత నంబరు తిరిగి ఇమ్మని. ఇచ్చారు. అందుకే 1806కు, 1818కి మధ్య కాగితాల్లో 24 కనబడితే జాగ్రత్త. అది పైన చెప్పిన 2/12 అయిన 24 కాదు.

నీవా గట్టు (చిత్తూరు)

చాలా ఉపకారం చేసినారు. "తెగకుండా" తీసేస్తున్నాం. షోలింగూరును యుద్ధ గౌరవంగా రాయబోము. మిగిలింది పతకాలు, జిల్లా పేరు.

పతకాల పెట్టె (శ్రీకాళహస్తి)

అన్నా, ముందుగా ఒక మాట: ఎవరింట్లోనూ పతకాన్ని చింతపండుతో, బూడిదతో తోమనీయొద్దు. పేరు అంచు మీద సన్నగా అచ్చుగుద్ది ఉంటుంది. పదిసార్లు తోమితే మొదట పోయేది అదే. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. అంచు కనబడకుంటే చీకటి గదిలో టార్చిని అంచుకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేసి ఫోన్‌తో నాలుగు వైపులా నాలుగు ఫోటోలు తీయండి. పైనుంచి వెలుతురు వేస్తే అక్షరాల లోతు కనబడదు. అట్లా కూడా రాకపోతే పలచటి కాగితం చుట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి.

అంచు మీద వరస ఇట్లుంటుంది: నంబరు, హోదా, పేరు, పటాలం. పటాలం చివరలో కుదించి రాసుంటుంది. "83 డబ్ల్యు.ఎల్.ఐ." అంటే వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫంట్రీ. "75 ఇన్‌ఫంట్రీ" అంటే కర్ణాటిక్. పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు ఉంటుంది కాబట్టి ఇంటిపేరు కోసం వెతకొద్దు, చాలావాటిలో ఉండదు.

ఏది ఏ యుద్ధానిదో గుర్తుపట్టేది ఇట్ల. గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలుంటే బ్రిటిష్ వార్ మెడల్. వెండి అయితే సిపాయిది. అదే బొమ్మ కంచులో ఉంటే కూలీ దళాల్లో, మోత దళాల్లో పనిచేసినవాళ్ళది, పటాలంలో వెతికితే దొరకడు. రెక్కల బొమ్మ ఉన్న పసుపు రంగుది విక్టరీ మెడల్. 1914-15 నక్షత్రానికి పేరు అంచు మీద కాదు, వెనక వైపు చదునుగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధానివి ఆరు కోణాల నక్షత్రాలు, సింహం ఉన్న వార్ మెడల్, భారతదేశం పటం ఉన్న ఇండియా సర్వీస్ మెడల్. బ్రిటన్‌లో ఇచ్చినవాటి మీద పేర్లుండవు, మన దేశంలో ఇచ్చినవాటి మీద చాలావరకు ఉంటాయి. అందుకే పేరు లేని బర్మా స్టార్ ఎవరైనా తెస్తే ఆ కుటుంబానిదే అని చెప్పేముందు ఇంకో ఆధారం అడగండి. బజార్లో కొని జత చేసినవి తిరుగుతున్నాయి. 1947 తరువాతివాటిలో జమ్మూ కశ్మీర్ పట్టీ ఉన్న జనరల్ సర్వీస్ మెడల్, 1965 సమర సేవా స్టార్, రక్షా మెడల్, 1971 పూర్వీ, పశ్చిమీ స్టార్లు, సంగ్రామ్ మెడల్ ఎక్కువగా వస్తాయి. ఈ కాలంలో సర్వీస్ నంబరు 25తో మొదలైతే మద్రాస్ రెజిమెంట్. 24 అయితే పంజాబ్, 26 గ్రెనేడియర్స్, 27 మరాఠా.

ఇంకో గందరగోళం. "మద్రాస్" అని కనబడ్డదల్లా ఈ రెజిమెంట్ కాదు. మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజినీరింగ్ పనివాళ్ళు) 1780 నుంచి వేరు, వాళ్ళ కేంద్రం బెంగళూరు. మద్రాస్ పయొనీర్స్ ఇంకో దారి. సాపర్ల పతకాన్ని ఈ పలక కింద పెడితే వాళ్ళ కుటుంబానికే బాధ కలుగుతుంది. దానికి వేరే పెట్టె పెట్టండి.

పెట్టెలో అట్ట మీద పతకాన్ని జిగురుతో అంటించొద్దు. రిబ్బన్‌ను దారంతో కట్టండి. పెట్టె లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, వర్షాకాలం తరువాత మార్చండి. ఎండ నేరుగా పడితే రిబ్బన్ రంగు పోతుంది, రంగు పోతే గుర్తుపట్టడం సగం కష్టమవుతుంది.

ఆర్కాటు పటం (పుత్తూరు)

జిల్లా పేరు సంగతి నేను చెప్తా. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. అంతకుముందు చేరిన సిపాయి రికార్డులో "చిత్తూరు జిల్లా" అని ఉండదు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు, తిరుపతి కూడా ఉత్తర ఆర్కాటు కింద ఉంటాయి. మదనపల్లి, వాయల్పాడు వాళ్ళయితే కడప కింద చూడాల. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉంది, అప్పుడే సత్యవేడు ఇటు వచ్చింది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ నాటిది. కాబట్టి పలక మీద "చిత్తూరు, తిరుపతి వాళ్ళు మొదటినుంచీ" అని కాకుండా "ఉత్తర ఆర్కాటు సీమవాళ్ళు" అంటే కాలానికి సరిపోతుంది. కులం గడిలో "జెంటూ" అని ఉంటే తెలుగువాడని అర్థం.

వెతికే చోట్లు. మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో రెజిమెంట్ పేరుతో వెతకండి. మెసపొటేమియాలో పోయినవాళ్ళ పేర్లు బస్రా స్మారకం కింద, బర్మాలో పోయినవాళ్ళవి రంగూన్ స్మారకం కింద ఎక్కువగా ఉంటాయి. కొన్నిటికి తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా ఇచ్చారు, అదే మీకు కావలసిన జిల్లా ఆధారం. పేరుతో రాకపోతే సర్వీస్ నంబరుతో ప్రయత్నించండి, స్పెల్లింగ్ తేడాలకు అదే మందు. పంతొమ్మిదో శతాబ్దపు సిపాయిల కోసమయితే చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు మిలిటరీ డిపార్ట్‌మెంట్ దస్త్రాలున్నాయి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు సైన్యం కాగితాలు పెద్ద వరసగా ఉన్నా అందులో ఎక్కువ తెల్ల అధికారుల, తెల్ల సోల్జర్ల వివరాలే. మామూలు సిపాయి పేరు అక్కడ దొరుకుతుందని కుటుంబాలకు ఆశ పెట్టొద్దు. స్వాతంత్ర్యం తరువాత పనిచేసినవాళ్ళ కోసం వెల్లింగ్టన్‌లోని రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు రాయాల. సర్వీస్ నంబరు, పెన్షన్ పత్రం నకలు జతచేసి, చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే ఉత్తరం దారి తప్పదు.

కొండకింద చదువరి (తిరుపతి)

స్వాతంత్ర్యం తరువాతి భాగానికి కనీసం మూడు వాక్యాలు మిగల్చండి. ఈ తరం పిల్లలు చదివేది అదే, పండుగ చేసుకోవలసిందీ అదే.

1965లో సియాల్‌కోట్ వైపు మహారాజ్‌కేను పట్టుకున్న దాడిలో 4 మద్రాస్ ముందుంది. దాని కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ హెచ్.ఎల్. మెహతా అక్కడే నేలకొరిగాడు, మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. 1971లో బసంతర్ నది దగ్గర 16 మద్రాస్ కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ వి.పి. ఘాయ్‌కి కూడా అదే గౌరవం, అదీ మరణానంతరమే. 1993 డిసెంబర్‌లో నాగాలాండ్‌లో 16 మద్రాస్ వాహనాల వరస మీద మాటుదాడి జరిగినప్పుడు కల్నల్ ఎన్.జె. నాయర్ గాయాలతోనే ఎదురుదాడి నడిపి ప్రాణాలు విడిచాడు. ఆయనకు అశోక చక్ర. అంతకుముందే కీర్తి చక్ర ఉంది. ముగ్గురూ బెటాలియన్‌ను నడిపే అధికారులే, ముగ్గురూ ముందు వరసలో ఉండగానే పోయారు.

నీవా గట్టు (చిత్తూరు)

పైన చెప్పినవన్నీ కలిపి రాసినది ఇది. మొదట్లో ఉన్న సంస్కృతం రెజిమెంట్ ఆదర్శ వాక్యం, చివరిది దాని యుద్ధ నినాదం. చూసి చెప్పండి:

"మద్రాస్ రెజిమెంట్. స్వధర్మే నిధనం శ్రేయః. 1758 డిసెంబర్ 4న పుట్టిన, భారత సైన్యంలోకెల్లా పాత పదాతి రెజిమెంట్. డాలు మీది ఏనుగు 1803 అసాయే యుద్ధంలో మద్రాసు సైన్యానికి దక్కినది. దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారన్న అపవాదుతో కుదించి, 1928 నాటికి రద్దు చేసినా, 1941లో తిరిగి లేచి బర్మా రంగంలో పోరాడింది. 1704 నాటి తిరువాంకూరు సేన 1954లో ఇందులో కలిసి తొమ్మిదో బెటాలియన్ అయింది. 1965 మహారాజ్‌కేలో 4 మద్రాస్, 1971 బసంతర్‌లో 16 మద్రాస్ తమ కమాండింగ్ ఆఫీసర్లను పోగొట్టుకుని కూడా లక్ష్యం సాధించాయి. 1993లో 16 మద్రాస్ కల్నల్ ఎన్.జె. నాయర్‌కు అశోక చక్ర. ఉత్తర ఆర్కాటు సీమ నుంచి, నేటి చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి ఇందులో పనిచేసిన జవాన్లకు ఈ పలక అంకితం. వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు."

పాత దస్తరం (తిరుపతి)

విషయం సరిగ్గా ఉంది. రెండు చిన్న సవరణలు. "కుదించి" ముందు "తెల్లదొరలు" అని కర్త ఉండాలి, లేకపోతే ఎవరు కుదించారో తెలియదు. రెండు, "నేటి" తీసేయండి. పలక యాభై ఏళ్ళుంటుంది, జిల్లాల హద్దులు అంతకాలం ఉండవు. "చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి" చాలు.

ఇక చెక్కే పని. అంగుళం అక్షరమంటే తెలుగులో వత్తు కిందికి దిగి అంగుళం ముప్పావు తీసుకుంటుంది. వరసకు వరసకు మధ్య 2 అంగుళాల లెక్కన గీయమనండి, లేకుంటే "క్ష్య" కింది వత్తు కింది వరస గుడికి తగులుతుంది. యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చినది డీటీపీ వాళ్ళు పాత ఫాంట్‌లోకి మార్చేటప్పుడు "మహారాజ్‌కే", "కమాండింగ్", "ఎన్.జె. నాయర్‌కు" లాంటి పొల్లు ఉన్నవి విరిగిపోతాయి. "శ్రేయః" చివర విసర్గ బదులు రెండు చుక్కల కోలన్ పడుతుంది, చూడటానికి ఒకేలా ఉంటుంది కానీ కోలన్ చుక్కలు చిన్నవి, అక్షరానికి దూరంగా పడతాయి. చెక్కకముందు 6 అడుగులు, 4 అడుగులు అసలు కొలతలోనే ఫ్లెక్సీ మీద ప్రింటు తీయించి గోడకు కట్టి, ఈ విషయంతో సంబంధం లేని ఇద్దరిచేత గట్టిగా చదివించండి. అంకెలను ఒకరు పలుకుతుంటే ఇంకొకరు కాగితం మీద సరిచూడాలి. ఆ ఫ్లెక్సీ మీద సంతకాలు పెట్టాకే రాయి పనివాళ్ళకు అప్పజెప్పండి.